ఇంజన్ ఆపే ముందు

యాదగిరిగుట్ట,
16 జూన్ 2024

ప్రియమైన బాపుకు,

నీ బిడ్డ గ్లోరీ రాస్తున్న ఉత్తరం. ఫోను చేస్తే నీకు వినబడదు. పక్కింటి రిజ్వానక్క ఫోను పట్టుకుని నేను చెప్పిందంతా నీ చెవిలో అరవాలి. నేను అన్నం తిన్నానో లేదో కల్వకుర్తిలో మన వాడకట్టు మొత్తానికి తెలియాలి. అందుకే ఇకమీదట ఉత్తరాలే రాసుకుందాం. నీ చేతిరాత నాకంటే బాగుంటుందని తెలుసు, నా కొంకిరి అక్షరాలు చూసి నవ్వకు.

పని దొరికింది బాపూ. ఇక్కడ రఘుపతి అనే ఆయనకు మూడు వ్యాన్లు ఉన్నాయి. రాయగిరి స్టేషన్లో దిగిన యాత్రికులను గుట్టకు తీసుకొస్తాం. దర్శనం అయ్యాక అడిగినవాళ్లకు పోచంపల్లి మగ్గాలు చూపిస్తాం. వారానికి ఒకటి రెండుసార్లు శ్రీశైలం దాకా పోతాం. నన్ను పనిలో పెట్టుకునే ముందు ఆయన లాడ్జి పక్క సందులోకి వ్యాన్‌ను వెనక్కి పెట్టి చూపించమన్నాడు. అటు ఇటు జానెడు జాగా కూడా లేదు. ఒక్కసారికే పెట్టాను. వెంటనే తాళం చేతికిచ్చాడు.

యాత్రికులు డ్రైవర్ సీట్లో ఆడపిల్లను చూసి మొదట జంకుతారు. పేరు అడుగుతారు. గ్లోరీ అంటే ఇంకోసారి అడుగుతారు. పది కిలోమీటర్లు పోయాక నిద్రపోతారు. నిద్రపోయారంటే నా మీద నమ్మకం కుదిరినట్టే.

విజేందర్ అనే ఆయన ఇక్కడ పాత డ్రైవర్. దేవరకొండ వాళ్లు. నన్ను చెల్లె అంటాడు, దారులన్నీ ఆయనే చూపించాడు. చిన్నప్పుడు నువ్వు అంబులెన్సు కడిగేటప్పుడు నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టేవాడివి. ఈ పని మీద ఇష్టం అప్పుడే పుట్టింది. బాలస్వామి సారు ఊళ్ల కోసం తెచ్చిన ఆ అంబులెన్సును మాత్రం నేను ఇప్పటికీ తలుచుకోను. ఆయన మంచి బండి కొని ఉంటే అమ్మ ఈ రోజు నన్ను చూసేది.

నా వ్యాన్ కొత్తదే, టర్బో ఇంజన్. నువ్వు ముప్పై ఏళ్లు నడిపినవాడివి. నేను ఏం చేయాలో, ఏం చేయకూడదో రాయి.

నీ బిడ్డ,
గ్లోరీ

కల్వకుర్తి,
24 జూన్ 2024

ప్రియమైన బిడ్డ గ్లోరీకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రిజ్వానాకు కూడా చదివి వినిపించాను, ఇక అరిచే పని తప్పిందని సంతోషపడింది. నా ఆరోగ్యం బాగానే ఉంది. చెవులు మాత్రం అట్లాగే ఉన్నాయి. మిషన్ పెట్టుకుంటే లోపల ఈల వేస్తుంది, తీసి పక్కన పెట్టాను.

టర్బో అన్నావు కాబట్టి చెప్తాను, జాగ్రత్తగా చదువు. ఇంజన్ వదిలే పొగ ఊరికే బయటికి పోదు, ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజన్‌లోకి గాలిని దట్టిస్తుంది. అందుకే ఇప్పటి చిన్న ఇంజన్లు కూడా అంత బరువుతో ఘాట్ ఎక్కుతున్నాయి. ఆ రెండు చక్రాలను కలిపే ఇరుసు నీ చిటికెన వేలంత ఉంటుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. పొగ వేడికి ఒక పక్క ఎర్రగా కాలుతుంది. దాన్ని కాపాడేది ఇంజన్ ఆయిల్ ఒక్కటే. ఆ ఆయిల్‌ను పంపేది ఇంజన్. నువ్వు ఇంజన్ ఆపావంటే ఆయిల్ రావడం ఆగిపోతుంది, ఇరుసు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. లోపల మిగిలిన నాలుగు చుక్కలు ఆ వేడికి మాడి బొగ్గవుతాయి. ఒక్కరోజులో ఏమీ తెలియదు. రోజూ కొంచెం కొంచెంగా పేరుకుని దారి మూసుకుపోతుంది.

కాబట్టి పొద్దున బండి స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకు. పరలోక ప్రార్థన ఒకసారి చదువుకో, ఆ సేపటికి ఆయిల్ పైదాకా అందుతుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు గట్టిగా తొక్కకు. ఎత్తెక్కే చడావు మీద పెద్ద గేర్లో ఈడ్చుకుంటూ పోకు, ఒక గేరు దించు. ఆయిల్ మార్చే రోజు దాటనీయకు, అగ్గువ ధరకు వచ్చే ఆయిల్ పోయనీయకు. గాలి ఫిల్టర్ దుమ్ము పట్టకుండా చూసుకో.

అన్నింటికంటే ముఖ్యం, చడావు ఎక్కి వచ్చాక గానీ, గట్టిగా తోలుకుని వచ్చాక గానీ వెంటనే తాళం తిప్పకు. రెండు నిమిషాలు ఇంజన్‌ను దాని మానాన తిరగనీయి. ఎవరు తొందర పెట్టినా రెండు నిమిషాలు. వాళ్లు దిగుతుంటారు, సామాన్లు తీసుకుంటుంటారు, నీకు పోయేదేమీ లేదు.

అమ్మ గురించి రాశావు. ఆ మాట ఇప్పుడు ఎందుకులే. వేళకు తిను.

ప్రభువు నీకు తోడుండాలని కోరుకునే
మీ బాపు,
డానియల్

యాదగిరిగుట్ట,
11 ఆగస్టు 2024

ప్రియమైన బాపుకు,

ఆలస్యానికి కోపం తెచ్చుకోకు. శ్రావణమాసం, ఊపిరి సలపడం లేదు. మధ్యలో నాలుగు రోజులు జ్వరం వచ్చింది. విజేందర్ అన్న తన ట్రిప్పులతో పాటు నావి కూడా తోలాడు. వాళ్ల ఇంటినుంచి నాకు జావ కాచి తెచ్చాడు. ఆయనకు రెండేళ్ల పాప ఉంది, నన్ను చూస్తే స్టీరింగ్ తిప్పినట్టు చేతులు తిప్పుతుంది.

నువ్వు చెప్పినట్టే నడుపుతున్నాను. దాంతో నాకు ఇక్కడ ఒక పేరు కూడా వచ్చింది, రెండు నిమిషాల పిల్ల అని. విజేందర్ అన్న తీరు వేరు. వేగంగా వచ్చి, బ్రేకు కొట్టి, బండి ఆగీ ఆగకముందే తాళం తీసి కిందికి దూకుతాడు. చూడటానికి సినిమాలో లాగానే ఉంటుంది. నేను ఒకరోజు నువ్వు రాసిన సంగతంతా చెప్పాను. ఆయన నవ్వి, "టర్బోకు గూడ జోల పాడాల్నా చెల్లె" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రఘుపతి గారి పద్ధతి కూడా దానికి తగ్గట్టే ఉంది. ఆగిన బండిలో ఇంజన్ నడవకూడదని ఆఫీసు గోడ మీద రాయించాడు. నన్ను రెండుసార్లు పిలిచి అడిగాడు. మా బాపు అంబులెన్సు డ్రైవర్, ఆయన చెప్పిన పద్ధతి ఇది అన్నాను. డీజిల్ మీ బాపు పోస్తాడా అన్నాడు. ఒక ట్రిప్పుకు ఇంకో ట్రిప్పుకు మధ్య ఇచ్చే టైమే తక్కువ. దిగేవాళ్లు దిగుతుండగానే ఎక్కేవాళ్లు మీద పడతారు.

ఒక మాట అడుగుతాను. నా కిందటి ఉత్తరంలో అమ్మ మాట ఎత్తాను. నువ్వు ఇప్పుడు ఎందుకులే అని దాటేశావు. ఉత్తరమంతా ఆ రెండు నిమిషాల గురించే ఉంది. పెన్ను అంత గట్టిగా నొక్కి రాశావు, కాగితం వెనక చేతికి తగులుతున్నది. ఏమైంది బాపూ?

నీ బిడ్డ,
గ్లోరీ

కల్వకుర్తి,
19 ఆగస్టు 2024

ప్రియమైన బిడ్డ గ్లోరీకి,

జ్వరం తగ్గిందని సంతోషం. నీళ్లు కాచి తాగు.

ఏమీ కాలేదు. నాకు తెలిసింది ఆ ఒక్క పనే, అందుకని అదే రాశాను.

విజేందర్‌కు మళ్లీ చెప్పు. నవ్వితే మళ్లీ చెప్పు. ఆయన బండి పక్కన నిలబడి విను. టర్బో పాడయ్యే ముందు చెబుతుంది. మామూలుగా సన్నటి ఈల ఉంటుంది. అది గొంతు మారి, అంబులెన్సు సైరన్ ఎక్కుతున్నట్టు కీచుగా వినబడితే లోపల బేరింగ్ అరిగిపోతున్నట్టు. వెనక నీలిరంగు పొగ వస్తే ఆయిల్ లోపలికి కారి మండుతున్నట్టు. చడావు మీద ఎంత తొక్కినా బండి లేవకపోతే ఇక దాన్ని ఒక్క కిలోమీటరు కూడా తోలకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా రఘుపతికి చెప్పి బండిని షెడ్డుకు పంపమను. ఆయన వినకపోతే కాగితం మీద రాసి ఇవ్వు.

ఈ ఒక్క రోజుకు గడిచిపోతుందిలే అనుకుంటారు, బిడ్డా. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

మీ బాపు,
డానియల్

యాదగిరిగుట్ట,
22 నవంబర్ 2024

ప్రియమైన బాపుకు,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాకేమీ కాలేదు. ముందు ఆ మాట చదివి తర్వాతిది చదువు.

సోమవారం కార్తీక దర్శనానికి పోచంపల్లి నుంచి పద్మశాలీల కుటుంబాలు రెండు వ్యాన్లలో శ్రీశైలం బయలుదేరాయి. ముందు విజేందర్ బండి, వెనక నాది. మన్ననూరు గేటు దగ్గర చాయ్‌కి ఆగాం. అప్పుడు విన్నాను బాపూ. నువ్వు రాసిన ఆ కీచు శబ్దమే. వెనక నేల మీద ఆయిల్ చుక్కలు కూడా ఉన్నాయి. నేను విజేందర్ దగ్గరికి పోయి ఇక్కడే ఆపేద్దాం, ఇంకో బండి పిలిపిద్దాం అన్నాను. ఆయన మొహం కూడా బాగాలేదు. రఘుపతికి ఫోన్ చేశాడు. మాట్లాడి వచ్చి, శ్రీశైలం దాకా మెల్లగా పోయి అక్కడ చూపిద్దాం అన్నాడు. నేను మళ్లీ అన్నాను. "నాకు తెల్వదా చెల్లె, పదిహేనేండ్ల సంది తోల్తున్న" అన్నాడు.

వటువర్లపల్లి దాటి పది కిలోమీటర్లు పోయాక చడావులో మలుపు మీద టర్బో పోయింది. నేను ఒక పది నిమిషాలు వెనక ఉన్నాను. నేను పోయేసరికి రోడ్డంతా తెల్లటి పొగ, పది అడుగుల అవతల ఏమీ కనబడదు. మనుషుల ఏడుపు మాత్రం వినబడుతున్నది. బండి మలుపులో ఆగిపోయింది, అందరూ దిగారు. ఐలేశం గారని ఒక పెద్దమనిషి, అరవై ఏళ్ల మగ్గం మనిషి, వెనకనుంచి వచ్చే బండ్లకు తెలియాలని రాళ్లు ఏరి రోడ్డు మీద పెడుతున్నాడట. పొగలోనుంచి ఒక లారీ వచ్చింది. డ్రైవర్‌కు ఆయన కనబడలేదు.

ఆయన భార్య రోడ్డు పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నా చెయ్యి పట్టుకుని ఒకే మాట చెప్తూ ఉంది. "రాళ్లు పెట్టొస్త, ఎనకొచ్చేటోళ్లకు తెల్వాలె అని పోయిండు బిడ్డా." నేను మా బండిలో ఉన్న దుప్పటి తెచ్చి ఆయన మీద కప్పాను.

విజేందర్ మైలురాయి మీద కూర్చుని తల ఎత్తలేదు. నేను ఆయన దగ్గరికి పోలేదు. పోవాలని కూడా అనిపించలేదు.

ఇన్‌స్పెక్టర్ నా వాంగ్మూలం కావాలన్నాడు, డిసెంబర్ మొదటి వారంలో రమ్మన్నాడు. రఘుపతి కూడా పిలిచి, తప్పంతా డ్రైవర్‌దేనని చెప్పమన్నాడు. ఆయన చెప్పకపోయినా నేను అదే చెప్పేదాన్ని. నెలల సంది చెప్పాను, నవ్వాడు. ఆ రోజు చెప్పాను, వినలేదు. ఒకరి ప్రాణం చేతిలో పెట్టుకుని ఇంత నిర్లక్ష్యంగా ఉండే మనిషి మళ్లీ స్టీరింగ్ ముట్టుకోకూడదు. అటువంటి మనుషులతో నేను జన్మలో మాట్లాడను.

బండిని మన కల్వకుర్తికే పంపారు, కరీం చాచా షెడ్డుకు. ఈ రోడ్డు మీద టర్బో విప్పడం ఆయన ఒక్కడికే బాగా తెలుసట. వీలైతే పోయి చూడు. ఆయన ఏమన్నాడో నాకు రాయి, వాంగ్మూలంలో చెప్తాను.

నీ బిడ్డ,
గ్లోరీ

కల్వకుర్తి,
28 నవంబర్ 2024

ప్రియమైన బిడ్డ గ్లోరీకి,

నీ ఉత్తరం రాకముందే బండి వచ్చింది. కరీం కబురు పెడితే పోయాను. అద్దాల నిండా మసి పట్టి ఉంది, లోపల ఎవరివో పసుపు గుడ్డలో కట్టిన కొబ్బరికాయలు అట్లాగే ఉన్నాయి. కరీం టర్బో విప్పి నా చేతిలో పెట్టాడు. ఇరుసు మధ్యకు విరిగింది. ఆయిల్ వచ్చే గొట్టంలో బొగ్గు, సూది కూడా దూరదు. కరీం నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పాడు, అయినా సగమే వినబడింది. తర్వాత షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాశాడు. "నీ బండిల గూడ గిట్లనే ఉండె, డానియల్."

బిడ్డా, ఈ సంగతి నీకు తొమ్మిదేళ్ల క్రితమే చెప్పవలసింది.

అమ్మను పత్తి చేనులో నాగుపాము కరిచిన రోజు నీకు ఎంతవరకు తెలుసో నాకు తెలుసు, ఎందుకంటే అంతవరకే నేను చెప్పాను. కల్వకుర్తి దవాఖానలో సూదులు వేశారు. ఊపిరి అందడం లేదు, మిషన్ పెట్టాలి, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. 108 బండి వేరే కేసుకు పోయి ఉంది. బాలస్వామి సారు అంబులెన్సు తాళం నా దగ్గరే ఉంది. నేనే తోలాను. ఆమనగల్లు దాటాక చడావులో బండి పోయింది. ఇదంతా నీకు తెలిసిందే. బండి పాతది, సారు ఎక్కడో పనికిరానిది కొని తెచ్చాడు అన్నది కూడా నీకు తెలుసు. అది మాత్రం నిజం కాదు.

బండి పాతది కాదు. సారు రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి కొన్నాడు. మూడేళ్లది, ఇంజన్ ఒక్కసారి కూడా విప్పని బండి. దాన్ని పాడు చేసింది నేను.

పేషెంటును దించేటప్పుడు ఇంజన్ ఆపకుండా ఉంచమని కరీం మొదటి రోజే చెప్పాడు. స్ట్రెచర్ దించి లోపల అప్పజెప్పి వచ్చేసరికి రెండు నిమిషాలు వాటంతట అవే గడిచిపోతాయి, అప్పుడు ఆపు అన్నాడు. నేను వినలేదు. గేటులోకి దూసుకొచ్చి, తాళం తీసి దూకితే చుట్టూ ఉన్నవాళ్లు చూసేవాళ్లు. డానియల్ వచ్చిండంటే ఆగుడే ఉండదు అని చెప్పుకునేవాళ్లు. ఆ మాట నాకు బాగా రుచించింది. పేషెంటు ఉన్నప్పుడే అయితే తొందర అనుకోవచ్చు. ఖాళీ బండితో చాయ్ హోటల్ ముందు ఆగినప్పుడు కూడా అట్లాగే ఆపేవాణ్ణి.

అమ్మ పోవడానికి ఎనిమిది రోజుల ముందు ఈల గొంతు మారింది. కరీం విని, "రెండు దినాలు బండి ఈడ ఇడిచిపెట్టు, డానియల్. గిది తొవ్వల మోసం చేస్తది" అన్నాడు. పత్తి ఏరే రోజులు, పాము కాట్లు, పురుగుల మందు తాగిన కేసులు, ఫోన్లు ఆగడం లేదు. ఇడిచిపెడితే ఎట్లా అన్నాను. సారుకు చెప్పి ఉంటే ఆయన వెంటనే ఇంకో బండి మాట్లాడేవాడు. ఆయనకు చెప్పలేదు. చెబితే ఎందుకు పాడైందని అడుగుతాడని చెప్పలేదు.

చడావులో బండి ఇరవై మీద కూడా లేవలేదు. అప్పుడే ఆపి, రోడ్డు మీద నిలబడి వచ్చే బండిని ఆపి ఉంటే ఎవరో ఒకరు ఎక్కించుకునేవాళ్లు. నేను ఆపలేదు. ఇంకొంచెం పోతది, ఇంకొంచెం పోతది అనుకుంటూ అరగంట ఈడ్చాను. ఆయిల్ అంతా కారిపోయి ఇంజన్ బిగుసుకుపోయాక గానీ దిగలేదు. జీపు దొరికేసరికి ఇంకో పావుగంట. వెనక మీ అమ్మ చెల్లెలు కూర్చుని ఊపిరి సంచి నొక్కుతూనే ఉంది. అమ్మ కళ్లు తెరవలేక, చేతి వేళ్లు మాత్రం కదిలించిందట. నేను ముందు సీట్లో ఉన్నాను, నాకు కనబడలేదు.

అమ్మ బరియల్ రోజు మనవాళ్లందరూ సారు మీద పడ్డారు. నీకు పదిహేనేళ్లు, నల్లగొండ హాస్టల్ నుంచి వచ్చావు. అందరిలోకి నీ గొంతే పైకి వినబడింది. "మీ బండే మా అమ్మను చంపింది" అన్నావు. సారు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన అట్లాగే వెనక్కి తిరిగి పోయాడు. నెల తిరగకముందే బండి అమ్మేశాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లకు ఆ అంబులెన్సు లేదు. అది లేక ఎందరు పోయారో నేను లెక్క పెట్టుకోలేదు.

కరీంకు అన్నీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నువ్వే చెప్పాలె అన్నాడు. నేను చెప్పలేదని తెలిసి నాతో మాట్లాడటం తగ్గించాడు. నిన్న గోడ మీద రాసిందే ఈ మధ్య ఆయన నాతో అన్న పెద్ద మాట.

అటువంటి మనుషులతో జన్మలో మాట్లాడనని రాశావు. విజేందర్‌ను వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. వాంగ్మూలంలో నువ్వు చూసింది చూసినట్టు చెప్పు, ఒక్క మాట తగ్గించకు. నేను ఎవరో తెలిశాక చెప్పు. అంతే.

డానియల్

కల్వకుర్తి,
27 డిసెంబర్ 2024

ప్రియమైన బిడ్డకు,

క్రిస్మస్‌కు వస్తావని కాదు గానీ, ఇంట్లో ఉన్నాను. చర్చికి పోలేదు. రిజ్వానా అన్నం పంపింది. తాను నీకు ఫోన్ చేస్తే నువ్వు ఎత్తి, అందరూ బాగున్నారా అని అడిగి పెట్టేశావని చెప్పింది. నా గురించి అడగలేదని ఆమె చెప్పలేదు, నేనే అర్థం చేసుకున్నాను.

జవాబు రాయమని అడగను. ఈ చిరునామాలోనే ఉన్నావా, అది ఒక్కటి తెలిస్తే చాలు.

డానియల్

భువనగిరి,
9 జనవరి 2025

బాపుకు,

ఆ చిరునామాలో లేను. అందుకే నీ రెండో ఉత్తరం ఆలస్యంగా చేరింది. రఘుపతి నన్ను పనిలోంచి తీసేశాడు. ఇక్కడ ఒక అక్క దగ్గర ఉంటున్నాను, ఒక స్కూలు బస్సు పని అడిగాను, ఇంకా ఏమీ చెప్పలేదు.

అమ్మ సంగతి రాసిన నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నీ మీద కోపంతో రాసిన ఉత్తరాలు నాలుగు ఉన్నాయి, పంపలేదు. అమ్మ వేళ్లు కదిలించిందన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నాను. ఆ మాట నువ్వు రాయకుండా ఉంటే బాగుండేదని ఒకసారి అనిపిస్తుంది. తొమ్మిదేళ్లు దాచినవాడివి అదొక్కటి కూడా దాచకూడదని ఇంకోసారి అనిపిస్తుంది.

డిసెంబర్ నాలుగున వాంగ్మూలం ఇచ్చాను. విజేందర్ ప్రతి స్టాపు దగ్గర ఇంజన్ వెంటనే ఆపేవాడని చెప్పాను. నేను చెప్పినా వినలేదని, మన్ననూరులో శబ్దం విని కూడా బండి తీశాడని చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు. ఆ తర్వాత ఆఫీసు గోడ మీది రాత గురించి చెప్పాను. ట్రిప్పుల మధ్య మాకు ఇచ్చే టైము చెప్పాను. మన్ననూరు నుంచి విజేందర్ ఫోన్ చేసినప్పుడు రఘుపతి బండి తియ్యమన్నాడని, ఆ మాట విజేందర్ అదే రోజు ఏడుస్తూ పోలీసులకు చెప్పాడని, ఎవరూ రాసుకోలేదని చెప్పాను. ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆపి, ఇది నీకు అవసరమా అన్నాడు. రాయండి అన్నాను.

ఇంకొకటి కూడా రాయించాను. దసరా రద్దీలో నేను కూడా మూడు రోజులు రెండు నిమిషాలు ఆగలేదు. నువ్వు చెప్పింది తెలిసి, ఈల సంగతి తెలిసి, రఘుపతి గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడని తాళం తిప్పేశాను. నా బండి ఆగలేదు కాబట్టి నేను మంచి డ్రైవర్‌ను అయ్యాను. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

విజేందర్‌కు బెయిల్ వచ్చింది. లైసెన్స్ తీసుకున్నారు, కేసు నడుస్తున్నది. ఒకరోజు బస్‌స్టాండ్‌లో కనబడ్డాడు. ఆయనే వచ్చి, నువ్వు చెప్పింది నిజమే చెల్లె అన్నాడు. నేను తల ఊపాను. పోచంపల్లి కూడా పోయాను. ఐలేశం గారి మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. ఆయన భార్య దాన్ని పూర్తి చేయడానికి ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

పోయిన మంగళవారం వెల్దండ పోయాను, బాలస్వామి సారు ఇంటికి. కల్వకుర్తి పక్కనే కదా అని నువ్వు అనుకుంటావు. అవును, నీ దగ్గరికి రాకుండానే తిరిగి వచ్చాను.

సారు చాలా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు. అమ్మ పేరు చెప్పి, సాలమ్మ బిడ్డను అన్నాక లేచి నిలబడ్డాడు. నేను తిడతాననుకున్నట్టున్నాడు, గోడ పట్టుకున్నాడు. కూర్చోమని చెప్పి, నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ కళ్లు మూసుకుని ఉన్నాడు. అయ్యాక కళ్లు తెరిచి, "నేను మంచి బండే కొన్న బిడ్డా" అన్నాడు. "ముగ్గురు మేస్త్రీలకు సూపెట్టి కొన్న. గని తొమ్మిదేండ్ల సంది నాకే నమ్మకం లేకుండ పోయింది."

నేను ఆయన కాళ్ల మీద పడ్డాను. పదిహేనేళ్ల పిల్లగా అన్న మాటకు అంతకంటే ఏం చేయాలో తెలియలేదు. లేపి మంచినీళ్లు ఇచ్చాడు. నీ గురించి ఒక్క మాట కూడా అనలేదు. నేను బయలుదేరేటప్పుడు మాత్రం డానియల్‌కు చెవులు వినబడటం లేదా అని అడిగాడు. అవునన్నాను.

బాపూ, నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే అది అబద్ధమవుతుంది, మన ఇంట్లో అబద్ధం ఇప్పటికే చాలా ఉంది. ఒక్కటి మాత్రం చెప్తాను, నువ్వు సారు దగ్గరికి పోవాలి. నేను చదివి వినిపించింది కాగితం. నువ్వు మనిషివి పోయి ఎదురుగా కూర్చోవాలి. ఆయన చెప్పేది నీకు వినబడదని, చెప్పాల్సిందంతా రాసి పెడతానన్నాడు. నేను గడప దాటేసరికే నోట్‌బుక్ తీసి ముందు పెట్టుకున్నాడు. అది ఎంత ఉన్నా అక్కడే కూర్చుని, ఆయన ముందే చదువు.

చదివాక అందులో ఏముందో నాకు రాయి. పై చిరునామాకు.

గ్లోరీ